లేపే వంతు

ఈరోజు తెల్లవారుజామున నేనొక తప్పు చేశాను. మరిచిపోయి చేసింది కాదు, ఒంట్లో బాగాలేక చేసిందీ కాదు. మెలకువగా పడుకుని, గోడ గడియారం వంక చూస్తూ, కావాలని చేసిన తప్పు. మా మేడ మీది గదిలో అద్దెకుంటున్న అబ్బాయి నాలుగింటికి తనను లేపమని అడిగాడు. సరేనన్నాను. లేపలేదు.

కుప్పంలో యూనివర్సిటీకి పోయే రోడ్డు మీద మా ఇల్లు. నేను ఉద్యోగం నుంచి రిటైరైన ఏడాదే మేడ మీద రెండు గదులు వేసి చదువుకునే పిల్లలకు అద్దెకిస్తూ వచ్చాను. ఈ అబ్బాయి సదుం దగ్గరి పల్లె నుంచి వచ్చినవాడు, గొర్రెలు మేపుకునే ఇంట్లో బడి దాటి చదివిన మొదటివాడు, తెలుగు ఎం.ఏ. ఇప్పుడిప్పుడే ముగించాడు. మదనపల్లెలో ఒక ప్రైవేటు బడివాళ్ళు పొద్దున పదింటికి వచ్చి పిల్లల ముందు ఒక పాఠం చెప్పి చూపించమన్నారట. డెమో అంటారు దాన్ని. అది బాగుంటే ఉద్యోగం, లేకుంటే మళ్ళీ గొర్రెల వెనక్కే అని వాళ్ళ నాయన తేల్చి చెప్పేశాడట. మొదటి బస్సు అందుకుంటే తప్ప ఆ వేళకు మదనపల్లె చేరలేడు. అందుకని నిన్న సాయంత్రం మెట్ల దగ్గర నన్నాపి, "అలారం పెడతా సార్, అది మోగతాది కూడా. కానీ నేను నిద్దర్లోనే దాన్ని నొక్కేసి మళ్ళా పండుకుంటా. మీరు ఎట్లా తెల్లారకముందే లేస్తారు గదా, ఒక్క కేక ఎయ్యండి సార్" అన్నాడు.

మా రోడ్డును పగలు చూసినవాళ్ళు దీపాలు వెలిగాక చూస్తే గుర్తుపట్టరు. చీకటి పడేసరికి యూనివర్సిటీ గేటు నుంచి మా మలుపు దాకా తోపుడుబండ్లు వరసగా వచ్చి నిలబడతాయి. నూడుల్స్ బండి, ఎగ్ దోసె బండి, చికెన్ పకోడి బండి, వాటి మధ్యన సైకిలుకు పెద్ద ఫ్లాస్కు కట్టుకుని తిరిగే టీ ఆయన. ఆ ప్లాస్టిక్ స్టూళ్ళ మీద తెలుగు, కన్నడం, తమిళం ఒకే వాక్యంలో కలిపి మాట్లాడుకునే పిల్లలు కూర్చుని, ఒక టీతో ఎంతసేపు గడపవచ్చో అంతసేపూ గడుపుతారు. పన్నెండు కావడంతోనే ఎవరిదో ఒకరి పుట్టినరోజు తప్పకుండా వచ్చిపడుతుంది, బైకు సీటు మీద కేకు పెట్టి కోస్తారు, కోసినది నోట్లో కన్నా మొహాన ఎక్కువ పెడతారు. నాకు ఈ సందడి మీద చాలాకాలంగా కోపం ఉంది. రాత్రి మా గేటు కిర్రుమన్నప్పుడల్లా నాకు నిద్ర చెడుతుంది, చెడిన నిద్ర మళ్ళీ రాదు.

నిన్న రాత్రి ఆ కేకు చుట్టూ మా మేడ మీది అబ్బాయి కూడా ఉన్నాడు. ఎవరో స్నేహితుడి పుట్టినరోజు. గేటు మోగిన చప్పుడుకు నేను కిటికీ తెరిచి, "తెల్లారి ఉద్యోగానికి పోవాల్సినోడివి, ఇదేం తిరుగుడప్పా?" అని కసిరాను. మొహం నిండా తెల్లటి క్రీముతో నవ్వుతూ, "అయిపోయింది సార్, వచ్చేసినా. నాలుగింటికి సార్, మరిచిపోవద్దండి" అని చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆ నవ్వే నాకు ముల్లులా గుచ్చుకుంది.

నాలుగింటికి మేడ మీద అలారం మోగింది. రెండు మోతలు మోగి ఆగిపోయింది. అతను చెప్పినట్టే నొక్కేసి పడుకున్నాడని నాకు తెలుసు. లేచి నాలుగు మెట్లెక్కి తలుపు తడితే సరిపోయేది. పడనీ, అనుకున్నాను. ఒకసారి దెబ్బ తగిలితే బుద్ధొస్తుంది, అనుకున్నాను. అట్లా అనుకుంటూ దుప్పటి గడ్డం దాకా లాక్కుని, మొదటి బస్సు హారను దూరంగా వినిపించి సద్దుమణిగేదాకా కదలకుండా పడుకున్నాను.

ఎండ పడ్డాక అతను మెట్లు దిగివచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చెవి వెనక ఇంకా కొంచెం క్రీము ఉంది. నన్ను నిందిస్తాడని నేను జవాబు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. అతను నా మొహం వంక చూడకుండా, "మీరు పిల్చింటారు సార్. నాకే మెలకువ రాలా. దరిద్రపు నిద్దర నాది" అని, గేటు తీసుకుని బయటికి పోయి, ఎటు పోవాలో తెలియక మళ్ళీ లోపలికి వచ్చి, మేడెక్కి తలుపు వేసుకున్నాడు.

వంటింట్లోంచి అంతా విన్న మా ఆవిడ నా ముందుకు వచ్చి నిలబడింది. "మీరు పిలిచినారా?" అంది. నేను గోడ గడియారం వంక చూశాను. "పిలిస్తే మీ సొమ్మేం పోతుండె?" అని ఆమె కాఫీ గ్లాసు నా పక్కన కాకుండా కిటికీలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ కాఫీ చల్లారిపోయేదాకా అక్కడే కూర్చుని, నేను చాలా ఏళ్ళుగా తలచుకోని ఒక ఇంటిని తలచుకున్నాను.

కలకడ నుంచి వచ్చి మదనపల్లెలో డిగ్రీ చదువుతున్న రోజుల్లో, నేనూ ఇంకో ముగ్గురూ నీరుగట్టువారిపల్లెలో ఒక నేతగాళ్ళ ఇంటి వెనక గదిలో ఉండేవాళ్ళం. ముందు గదిలో మగ్గాలు, వాటి పక్కనుంచి ఒదిగి నడిచిపోతే మా గది. ఇంటి యజమానురాలిని మేమంతా పెద్దమ్మ అనేవాళ్ళం. కొడుకూ కోడలూ మగ్గం మీద కూర్చుంటే ఆమె గోడకానుకుని రాట్నం తిప్పుతూ కండెలకు పట్టుదారం చుట్టేది. మాట తక్కువ, గొంతు ఎక్కువ. నా తరం వాళ్ళకు చెప్పనక్కర లేదు గాని, అప్పట్లో చదువుకునే పిల్లలకు రాత్రి అంటే చేతిలో ఏమీ లేకుండా గడపవలసిన రాత్రి. రెండో ఆట సినిమా విడిచాక టమోటా యార్డు దాకా నడిచి, లారీలకు గంపలెత్తే హమాలీల మధ్యన నిలబడి టీ తాగడం, ఎవరైనా డ్రైవరు మంచి మాట మీద ఉంటే లారీ ఎక్కి ఊరి చివర దాకా పోయి నడిచి రావడం, అంతే మా విలాసం.

కానీ ఎండలు మొదలై భారతాలు జరిగే రోజులొస్తే మాకు అసలైన రాత్రులు వచ్చేవి. పుంగనూరు వైపు పల్లెల్లో ధర్మరాజు గుడి ముందర పగలంతా హరికథ, రాత్రంతా నాటకం. ఖాళీ గంపలతో ఆ పల్లెలకు తిరిగిపోయే లారీల మీద సాయంత్రం ఎక్కితే, తెల్లవారి కాయలతో వచ్చే లారీ మీద తిరిగి దిగవచ్చు. ఆ నాటకాలను కళ్ళు మూయకుండా మొదటినుంచి చివరిదాకా చూసినవాడు మా ఎరుకలో ఒక్కడూ లేడు. జనమంతా చాపలూ కంబళ్ళూ తెచ్చుకునేది, ఆట మొదలు కాగానే సగం మంది పడుకునేది. పడుకునేముందు పక్కవాడికి అప్పజెప్పేది: నన్ను జూదానికి లేపు, నన్ను హాస్యగాడు వస్తే లేపు, నన్ను కీచకుడి చావుకు లేపు. ఆ పక్కవాడు ఎరిగినవాడైనా కాకపోయినా ఒప్పుకుంటే లేపి తీరవలసిందే. మా నలుగురిలో దానికి వంతులుండేవి. ఆ రాత్రి ఎవరి వంతైతే వాడు నిద్రపోకూడదు, ఎవడు ఏ ఘట్టానికి లేపమన్నాడో గుర్తుంచుకుని ఆ ఘట్టానికి లేపాలి.

ఒకసారి నా రూమ్మేట్లలో ఒకడికీ నాకూ మాటలు లేవు. నేను ఇస్త్రీ చేయించి దాచుకున్న చొక్కా వాడు వేసుకుని రెండో ఆటకు పోయి, దాని మీద తాంబూలం మరక చేసుకొచ్చాడు. వారం దాటింది, ఒకరి మొహం ఒకరం చూసుకోవడం లేదు. ఆ రోజుల్లోనే భారతానికి పోయాం, వంతు వాడిది. ఏం లేపుతాడులే అని నేను ఏమీ చెప్పకుండా, మూతి బిగించుకుని పడుకున్నాను. నడిరాత్రి ఎవరో నా కాలు పట్టి ఈడ్చారు. "ఒరే, లెయ్. కీచకుడొచ్చినాడు. నీతో నాకు మాటల్లేవు. వంతు నాదని లేపతాండా, అంతే" అన్నాడు వాడు. చెప్పకపోయినా నాకు ఏ ఘట్టం ఇష్టమో వాడికి తెలుసు. లేపి, నాకు వీపు తిప్పి కూర్చున్నాడు. మరక గురించి ఆ తరవాత నేనెప్పుడూ ఎత్తలేదు.

పెద్దమ్మ కూడా మమ్మల్ని లేపేది. మా గదిలో గడియారం లేదు, ఉన్నా దాని మాట వినేవాళ్ళం కాదు. మగ్గాలు తెల్లవారకముందే మొదలవుతాయి కనుక, పరీక్షల రోజుల్లో లేపమని ఆమెకు చెప్పుకునేవాళ్ళం. ఆమె పద్ధతి ఆమెది. ఒక్క పిలుపు పిలిచి పోయే మనిషి కాదు. చేతికందిన నాడెతో, అదే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే కొయ్యతో, తలుపు మీద కొట్టి, లోపలికి వచ్చి తలాపున నిలబడి, "మీ ఊరేది?" అని అడిగేది. ఊ అంటే ఒప్పుకోదు, లేచినాను అంటే ఒప్పుకోదు. ఊరి పేరు సరిగ్గా చెప్పి, కాళ్ళు నేల మీద పెట్టినాకనే కదిలేది. నిద్రలో ఉన్నవాడు ఊ అనగలడు గాని ఊరి పేరు చెప్పలేడు అని ఆమె లెక్క.

ఆఖరి సంవత్సరం, ఒక పరీక్షకు ముందు రాత్రి, కీచక వధ ఆడుతున్నారని తెలిసి నేను ఉండబట్టలేక పోయాను. పోయేముందు, పొద్దునే లేపమని పెద్దమ్మకు చెప్పి మరీ పోయాను, ఎక్కడికి పోతున్నానో మాత్రం చెప్పలేదు. ఇంకా చీకటుండగానే టమోటా లారీ దిగి, ఒంటినిండా గంపల వాసనతో తలుపు తట్టేసరికి ఆమె గొళ్ళెం తీసి, లాంతరు నా మొహం దాకా ఎత్తి చూసింది. "ఎవురి సొమ్ముతో సదువుతాండావురా నువ్వు? మీ నాయన ఈడ నిన్ను ఇడిసిపెట్టింది ఇందుకేనా? రాత్రిళ్ళు తిరిగేటోళ్ళకు నా ఇంట్లో చోటు లేదు. రేపు సామాను సర్దుకో" అంది. నేను పోయి పడుకున్నాను. ఇక లేపదు, పరీక్ష పోయినట్టే అనుకుంటూనే ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

తలుపు మీద నాడె మోగింది. తలాపున ఆమె నిలబడి ఉంది. "మీ ఊరేది?" అంది.

"విరాటపురం" అన్నానట నేను.

చెంబెడు నీళ్ళు మొహాన పడ్డాయి. "ఆ ఊర్లో పరీచ్చలు పెట్టరు. లెయ్" అంది పెద్దమ్మ. అదే రూమ్మేటు చాపలో పడి దొర్లి నవ్వాడు. ఆమె నవ్వలేదు. నేను కలకడ అని చెప్పి, కాళ్ళు కింద పెట్టి, మొహం కడుక్కుని వచ్చేదాకా గుమ్మంలోనే నిలబడి, "పరీచ్చ రాసొచ్చి సర్దుకో. ఇప్పుడైతే పో" అని చెప్పి రాట్నం దగ్గరికి వెళ్ళిపోయింది.

పరీక్ష రాసి వచ్చి నేను నిజంగానే ట్రంకు పెట్టె కట్టాను. దాన్ని ఎత్తుకుని మగ్గాల పక్కనుంచి ఒదిగి పోతుంటే, ఆమె రాట్నం ఆపకుండా, "ఎండన పడి ఆ పెట్టె యాడికి మోస్తావు. సంగటి ఉండాది, తిను" అంది. అంతే. ఆ మాట తరవాత మళ్ళీ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. కానీ మిగిలిన పరీక్షలన్నిటికీ, మాట్లాడకుండానే, నాడెతో తలుపు కొట్టి, ఊరి పేరు ఒక్కటి మాత్రం అడిగి లేపుతూ వచ్చింది.

ఇదంతా కళ్ళముందు తిరిగాక ఇంక కుర్చీలో కూర్చోలేకపోయాను. మేడెక్కాను. అతను చొక్కా కూడా విప్పకుండా గోడకేసి చూస్తూ కూర్చుని ఉన్నాడు. నేను గుమ్మంలోనే నిలబడి, "నేను నిన్ను పిలవలేదప్పా. నీ అలారం మోగింది కూడా విన్నాను. రాత్రి తిరిగొచ్చినావనే కోపంతో కావాలనే పండుకుండిపోయినా" అని చెప్పేశాను. చెప్పకుండా దిగిపోయివుంటే అతనికి ఎప్పటికీ తెలియదు, నేను మంచివాడిగానే మిగిలేవాణ్ణి. ఆ ఆలోచన మెట్ల మీద నాకు వచ్చిందని కూడా ఒప్పుకోవాలి.

అతను నా వైపు తిరిగాడు. "యాల సార్?" అన్నాడు. తిట్టినా బాగుండేది. ఎందుకని మాత్రమే అడిగాడు.

"లెయ్, పోదాం. నేనొస్తా. ఆడ జరిగింది జరిగినట్టు చెప్తా" అన్నాను. అతను సంచీ భుజాన వేసుకున్నాడు. నా వెనకే దిగాడు. పలమనేరు దాకా ఒక బస్సు, అక్కడ మారి ఇంకొకటి. ఎక్కిన బస్సుల్లో నా పక్కన సీటు ఖాళీగా ఉన్నా ముందుకు పోయి కూర్చున్నాడు. పుంగనూరు బస్టాండులో బస్సు ఆగగానే సంచీ తీసుకుని దిగిపోయాడు. అక్కడి నుంచి సదుం బస్సులుంటాయి. నేనూ వెనకే దిగాను.

"పది దాటి ఎంతసేపైందో సూడండి. ఇంగ ఆడికి పోయి ఏం జేసేది? మా ఊరికి పోతా. మా నాయనకు చెప్పేస్తా, అయిపోతాది" అన్నాడు.

"నువ్వు మీ ఊరికి పోతే పో. నేను మదనపల్లెకు పోతా. నేనొక్కన్నే అయినా పోయి చెప్పే వస్తా" అన్నాను.

"మీరు పోయి చెప్తే వాళ్ళు పాఠం మీతో చెప్పించుకుంటారా?"

"చెప్పించుకుంటే చెప్తా."

"మీకు సంధులైనా గుర్తుండాయా సార్?" అన్నాడు. నవ్వలేదు గాని, అది వెక్కిరింపే. కండక్టరు విజిలు వేశాడు. నేను ఎక్కాను. బస్సు కదులుతుండగా మెట్టు మీద అడుగుల చప్పుడు వినిపించింది, తిరిగి చూడలేదు.

బడిలో ప్రధానోపాధ్యాయురాలు మమ్మల్ని చాలాసేపు వరండాలో కూర్చోబెట్టి, ఆనక లోపలికి పిలిచింది. ఆలస్యానికి కారణం అడిగితే అతను నోరు తెరిచేలోపల నేను లేచి, "తప్పు ఇతనిది కాదమ్మా, నాది. లేపుతానని ఒప్పుకుని లేపలేదు" అన్నాను.

"మీరెవరు?"

"ఇతనుండే ఇంటి ఓనర్నమ్మా."

ఆమె కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది. "ఇంటి ఓనర్లు బాడుగ కోసం గొడవకు వచ్చేది చూసినా గాని, ఇట్లా తప్పు ఒప్పుకునేదానికి వచ్చింది చూడలేదు" అని, అతని వైపు తిరిగి, "ఏమప్పా, ఈయన చెప్పేది నిజమేనా?" అని అడిగింది. అతనూ లేచి, "నిజమే మేడం. కానీ అలారం నొక్కింది నేనే" అన్నాడు. ఆమె మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుంది. పొద్దున వచ్చిన ఇద్దరూ పాఠం చెప్పి వెళ్ళారని, ఎవరినీ ఇంకా ఖాయం చేయలేదని, రేపు ప్రార్థన అయ్యాక మొదటి పీరియడు ఎనిమిదో తరగతికి ఇస్తానని, ఒక్క నిమిషం ఆలస్యమైనా గేటు తీయనివ్వనని చెప్పింది.

కుప్పం పోయి మళ్ళీ తెల్లవారి రావడం అయ్యే పని కాదు. బస్టాండు ఎదురుగా లాడ్జిలో గది తీసుకున్నాం. ఈ ముక్కలన్నీ ఆ గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, నిద్ర రాకుండా ఉండటానికి రాస్తున్నాను. కిటికీ కింద ఇక్కడ కూడా బండ్లున్నాయి, వాటి చుట్టూ పిల్లలున్నారు, ఎవరో ఎవరినో వెక్కిరిస్తున్నారు, అందరూ పగలబడి నవ్వుతున్నారు. సాయంత్రం నేను నీరుగట్టువారిపల్లె దాకా నడిచి వచ్చాను. మేమున్న ఇంటి చోట మూడంతస్తుల మేడ లేచింది, పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయిందని తెలుసు, పక్క వీధిలో మాత్రం మగ్గం చప్పుడు వినిపించింది. కాసేపు నిలబడి వచ్చేశాను. ఇప్పటి పిల్లల రాత్రులకూ మా రాత్రులకూ నాకేమీ పెద్ద తేడా కనిపించడం లేదు. టమోటా గంపల స్థానంలో కేకు వచ్చింది. మారింది ఎక్కడో నాకీరోజే తెలిసింది. మాకు రాత్రి ఎంత తిరిగినా తెల్లవారి లేపే మనిషి ఒకరుండేవారు, కోపం ఉన్నా లేపేవారు. ఈ పిల్లలకు ఫోను ఉంది. అది ఎవరి మీదా కోపగించుకోదు, నొక్కితే నోరు మూసుకుంటుంది, లేచారో లేదో చూడటానికి తలాపున నిలబడదు. ఆ సంగతి తెలిసే ఈ అబ్బాయి ఒక మనిషిని అడిగాడు. ఆ మనిషి నేనయ్యాను.

పడుకునేముందు అతను పాఠం రెండుసార్లు గోడకు చెప్పుకున్నాడు. తరవాత ఫోను తీస్తే, అలారం పెడుతున్నాడు కాబోలు, పెట్టుకోవలసిందే, నన్ను నమ్మమని అడిగే మొహం నాకెక్కడిది అనుకున్నాను. అతను దాన్ని చార్జింగుకు పెట్టి, దుప్పటి లాక్కుని, గోడవైపు తిరిగి, "అలారం పెట్టలేదు సార్" అన్నాడు.

రాత్రి రాయడం ఆపి, ఇప్పుడు తెల్లవారి మళ్ళీ మొదలుపెడుతున్నాను. అతను స్నానానికి వెళ్ళాడు, గోడ అవతల బకెట్టులో నీళ్ళు పడుతున్న చప్పుడు వస్తోంది. నేను రాత్రంతా కన్ను మూయలేదు. కింద బండ్లవాళ్ళు సర్దుకుని పోయేదీ చూశాను, మొదటి బస్సు లైట్లు వేసుకుని లోపలికి తిరిగేదీ చూశాను. వేళ కాగానే లేచి, చేతిలో నాడె లేదు కనుక కుర్చీ చేతి మీద గట్టిగా తట్టి, అతని తలాపున నిలబడ్డాను.

"మీ ఊరేదప్పా?" అన్నాను.

"ఊ" అన్నాడు. నేను కదల్లేదు. మళ్ళీ అడిగాను. దుప్పటి లోంచి, విసుగ్గా, "సదుం సార్, సదుం" అని వినిపించింది. అయినా నేను కదల్లేదు. అతను కళ్ళు తెరిచి నన్ను చూసి, లేచి కూర్చుని, ఒక కాలు, ఆ తరవాత రెండోది నేల మీద పెట్టాడు.